మెమరీకీ ఒక రేషన్ కార్డు



పోయిన చలికాలం మన సంఘం గదిలో జరిగిన చిన్న గొడవ మీలో కొందరికి తెలుసు. తెలిసినవాళ్ళు కూడా సగమే విన్నారు. దాని వెనక కారణం వెతుక్కుంటూ పోతే మాకు ముప్పై అయిదేళ్ళ చరిత్ర ఒకటి దొరికింది. అందుకే ఈసారి ఇంత పొడుగు రాస్తున్నాం. తీరిక చూసుకుని చదవండి.

ముందు గొడవ సంగతి. మన దగ్గర పాత పద్దు పుస్తకాలూ సమావేశాల మినిట్స్ పుస్తకాలూ ఉన్నాయి. కొన్ని 1936కి, అంటే గంజాం మద్రాసు ప్రెసిడెన్సీ నుంచి విడిపోయి ఒడిశాలో కలిసిన ఏడాదికి, కాస్త అటూ ఇటూగా రాసినవి. అందులో సగం గొలుసుకట్టు రాత. కలం ఎత్తకుండా ఒక అక్షరాన్ని ఇంకో అక్షరంలోకి లాగేస్తూ రాసే ఆ రాతని తడుముకోకుండా చదవగలిగినవారు ఇప్పుడు మనలో మాస్టారు ఒక్కరే. ఆయన రోజూ మూడింటికి వచ్చి, స్కాన్ చేసిన పేజీల్ని తెరమీద పక్కన పెట్టుకుని, చదివినది టైపు చేస్తారు. అచ్చు పుస్తకాల పని వేరు. వాటిని కంప్యూటరే చదివి అక్షరాలుగా మారుస్తుంది. ఆ పని మన ఇంజనీరింగ్ కుర్రాడిది. ఇద్దరికీ కలిపి ఉన్నది ఒకటే కంప్యూటర్. 4 జీబీ మెమరీ, లినక్స్.

ఆ సాయంత్రం కుర్రాడు అచ్చు పేజీలు చదివే ప్రోగ్రాముని ఒకేసారి పది చోట్ల నడిపాడు. పని త్వరగా అవుతుందని. కాసేపటికి తెర బిగుసుకుపోయింది. మళ్ళీ కదిలేసరికి కుర్రాడి పది ప్రోగ్రాములూ హాయిగా నడుస్తున్నాయి. మాస్టారి కిటికీ మాత్రం లేదు. మూడు గంటల టైపింగ్ పోయింది. ఆ నమోదు పత్రం మన కుర్రాళ్ళు తయారు చేసిందే; చివర మీట నొక్కితే గానీ దాచుకోదు. అది మన లోపమే. దాన్ని తర్వాత సరిచేశాం.

"నా పని అడ్డమని తీసేశావా, బాబూ?" అన్నారు మాస్టారు.

"అయ్యో, నేనేం ముట్టుకోలేదు మాస్టారూ. దానంతట అదే తీసేసింది" అన్నాడు వాడు.

ఆయన నమ్మలేదు. వారం రోజులు రాలేదు. ఆ వారం గొలుసుకట్టు పుస్తకం తెరిచిన పేజీ దగ్గరే ఉండిపోయింది.

కుర్రాడు అబద్ధం చెప్పలేదు. యంత్రం రాసుకున్న చిట్టా తెరిచి చూస్తే అంతా ఉంది. వాడి పది ప్రోగ్రాములు ఒక్కొక్కటీ 250 ఎంబీ చొప్పున మొత్తం 2.5 జీబీ వాడుతున్నాయి. మాస్టారి కిటికీ, పెద్ద పెద్ద స్కాన్ బొమ్మలు తెరిచి ఉన్నందువల్ల, ఒక్కటే 900 ఎంబీ వాడుతోంది. మిగతాది యంత్రం సొంత ఖర్చు. మెమరీ నిండిపోయింది. ఎవరో ఒకరిని తీసెయ్యాలి. అన్నిటికంటే లావుగా కనిపించినదాన్ని తీసేసింది.

2.5 జీబీ తిన్నవాళ్ళు మిగిలారు, 900 ఎంబీ తిన్నవాడు పోయాడు. ఎందుకంటే యంత్రం మనుషుల్ని విడివిడిగా లెక్కపెట్టింది, ఇళ్ళని లెక్కపెట్టలేదు. ఈ వ్యాసం అంతా ఆ ఒక్క తేడా గురించే.

యంత్రం అంత పని ఎందుకు చేస్తుంది?

లినక్స్‌కి గుండెకాయ లాంటి భాగాన్ని కెర్నల్ అంటారు. మెమరీ పంచిపెట్టేది అదే. ప్రోగ్రాం వచ్చి "నాకు 500 ఎంబీ కావాలి" అంటే, కెర్నల్ మామూలుగా "సరే" అంటుంది గానీ అప్పటికప్పుడు ఇవ్వదు. ప్రోగ్రాం నిజంగా ముట్టుకున్నప్పుడే ఒక్కో పేజీ చొప్పున ఇస్తుంది. పేజీ అంటే సాధారణంగా 4096 బైట్లు. అడిగినవాళ్ళంతా అడిగినదంతా వాడరు కాబట్టి, ఉన్నదానికంటే ఎక్కువ మాట ఇచ్చినా చాలావరకు గడిచిపోతుంది. పెళ్ళికి ఐదొందల మందిని పిలిచి నాలుగొందల విస్తళ్ళు కొనడం లాంటిది.

ఒక్కోసారి ఐదొందల మందీ వస్తారు. అప్పుడు కెర్నల్ ముందు తను దాచుకున్న పాత ఫైళ్ళ నకళ్ళని వదిలిస్తుంది. అదీ చాలకపోతే పంక్తిలోంచి ఒకరిని లేపేస్తుంది. ఆ పని చేసే భాగం పేరు ఔట్ ఆఫ్ మెమరీ కిల్లర్. ఎవరిని లేపాలన్న లెక్క మీద ఏళ్ళ తరబడి వాదాలు నడిచాయి. ఆండ్రీస్ బ్రౌవర్ అనే కెర్నల్ రచయిత 2004లో దీన్ని ఎగతాళి చేస్తూ ఒక పిట్టకథ రాశాడు: తక్కువ ఇంధనంతో విమానాలు నడిపి, ఇంధనం అయిపోయినప్పుడు ప్రయాణికుల్లో ఒకరిని ఎంచి కిందికి తోసే కంపెనీ కథ. ఎవరిని తొయ్యాలన్న సూత్రం మీద ఎంత మేధస్సు ఖర్చు పెట్టినా, తోయడం తోయడమే. 2010లో డేవిడ్ రియెంట్జెస్ ఆ సూత్రాన్ని తిరగరాసి సులభం చేశాడు: స్థూలంగా, ఎక్కువ మెమరీ పట్టుకున్న ప్రాసెస్ ముందు పోతుంది. ప్రాసెస్ అంటే నడుస్తున్న ఒక ప్రోగ్రాం. మాస్టారి కిటికీకి తగిలింది ఆ సూత్రమే.

మనిషికో హద్దు పెడితే సరిపోదా?

ఆ ఏర్పాటు చాలా పాతది. 1983లో వచ్చిన 4.2 బీఎస్‌డీ యూనిక్స్‌లోనే ఒక్కో ప్రాసెస్‌కి హద్దు పెట్టే సౌకర్యం ఉంది. లినక్స్ కూడా దాన్ని తీసుకుంది. చిక్కు ఏమిటంటే, ప్రాసెస్ పిల్లల్ని పెడుతుంది. హద్దు పిల్లలకీ వస్తుంది, కానీ ఒక్కో పిల్లకీ విడిగా, పూర్తిగా వస్తుంది. తండ్రికి 300 ఎంబీ హద్దు ఉంటే, పది మంది పిల్లలకీ తలా 300 ఎంబీ. మన కుర్రాడి ప్రోగ్రాములకి అలాంటి హద్దు పెట్టి ఉన్నా ఒక్కటీ దాన్ని దాటేది కాదు. అందరూ చట్టం ప్రకారమే ఉండేవారు, యంత్రం మాత్రం నిండిపోయేది.

రేషన్ షాపులో బియ్యం తూచేది కార్డు చూసి. ఇంటిల్లిపాదీ విడివిడిగా వచ్చి సంచీ చాపినా, ఆ కార్డు మీద రాసి ఉన్నదే ఇస్తారు. ఇంట్లో ఎవరెంత తిన్నారన్నది ఇంటివాళ్ళ సంగతి. నీళ్ళ విషయంలో మన జిల్లాకి ఇది ఇంకా పాత అలవాటు. 1866 కరువు తర్వాత, 19వ శతాబ్దం చివర్లో ఋషికుల్య కాలువల పథకం వచ్చింది. సురడ దగ్గర ఒక జలాశయం, అప్పట్లో రస్సెల్‌కొండ అన్న భంజనగర్ దగ్గర ఇంకొకటి. కాలువ నుంచి నీళ్ళు తూముకి వదులుతారు, తూము కింద రైతులు వంతులు వేసుకుంటారు. పై తూము హద్దులో ఉంటేనే కాలువ చివరి పొలానికి నీళ్ళు. కంప్యూటర్లలో లోటుగా ఉండిపోయింది ఈ తూము, ఈ కార్డు.

కార్డు కోసం చేసిన ప్రయత్నాలు

ఈ లోటు మిగతావాళ్ళూ గుర్తించారు. విండోస్ 2000లో ప్రాసెస్‌లని ఒక మూటగా కట్టి మూట మొత్తానికి మెమరీ హద్దు పెట్టే ఏర్పాటు వచ్చింది. 2005లో సోలారిస్ 10 తన జోన్లతో వచ్చింది. లినక్స్‌లో అలన్ కాక్స్, ఆండ్రే సావొచ్‌కిన్ ప్రయత్నంతో మొదలైన బీన్‌కౌంటర్లు ఉండేవి. అంటే గింజలు లెక్కపెట్టేవి. ఒకే యంత్రంలో చాలామంది అద్దెదారులకి చోటిచ్చే ఓపెన్‌వీజెడ్ వాటి మీదే నడిచింది. కానీ అవి ప్రధాన కెర్నల్ బయటే ఉండిపోయాయి. ఐబీఎంలో హ్యూబర్టస్ ఫ్రాంకె, శైలభ్ నాగర్, చంద్ర సీతారామన్ వంటివారు సీకేఆర్ఎం అనే పెద్ద పథకం తయారు చేశారు. అదీ లోపలికి రాలేదు. కెర్నల్ పెద్దలు మరీ భారీగా ఉందన్నారు.

2006 సెప్టెంబర్‌లో గూగుల్ నుంచి రోహిత్ సేథ్ ఒక చిన్న ప్రతిపాదన పంపాడు. అదే కంపెనీలో పాల్ మెనేజ్ ఇంకో దారి చూపించాడు. కెర్నల్‌లో అప్పటికే సీపీయూసెట్ అని ఒక వసతి ఉంది. ప్రాసెస్‌లని గుంపులుగా పెట్టి ఏ గుంపు ఏ ప్రాసెసర్ మీద నడవాలో చెప్పేది. ఆ గుంపు కట్టే భాగాన్ని విడదీసి అందరికీ పనికొచ్చేలా చేస్తే, దేనికి హద్దు పెట్టాలన్నది తర్వాత ఎవరికి వాళ్ళు తగిలించుకోవచ్చు. ముందు ఇంటి పట్టిక, తర్వాత బియ్యమా కిరోసినా అన్నది. మొదట వాటిని కంటెయినర్లు అన్నారు. ఆ మాటకి అప్పటికే వేరే అర్థాలు ఉన్నాయని కంట్రోల్ గ్రూప్‌లు అని మార్చారు. పొట్టిగా సీగ్రూప్. 2008 జనవరిలో వచ్చిన 2.6.24 కెర్నల్‌లో అవి చేరాయి.

మెమరీ లెక్క కట్టింది ఎవరు?

ఇక్కడ మనవాళ్ళు వస్తారు. ఐబీఎం వారి భారతదేశ ల్యాబులో లినక్స్ టెక్నాలజీ సెంటర్‌లో పనిచేస్తున్న బల్బీర్ సింగ్ 2007 ఫిబ్రవరిలో మెమరీ హద్దు కోసం మొదటి రూపం పంపాడు. ఓపెన్‌వీజెడ్ వైపు నుంచి పావెల్ ఎమెల్యనొవ్ మూడు రూపాలు పంపాడు. ఆ ఏడు ఒట్టావాలో జరిగిన లినక్స్ సదస్సులో అందరూ కూర్చుని తేల్చుకోవలసి వచ్చింది. హద్దు ఎంత అన్నది కాదు సమస్య. ఏది ఎవరి ఖాతాలో రాయాలి అన్నది.

మొదటి రూపాలు ప్రాసెస్ తన కోసం పెట్టుకున్న మెమరీనే లెక్కపెట్టాయి. కానీ ఒక ఫైలు చదివితే దాని నకలు కూడా మెమరీలో ఉంటుంది. దాన్ని పేజీ క్యాష్ అంటారు. అది లెక్కలోకి రాకపోతే, తన హద్దులో బుద్ధిగా ఉన్న గుంపు కూడా ఫైళ్ళ మీద ఫైళ్ళు చదివి మిగతావాళ్ళ చోటు నింపేయగలదు. రెండూ కలిపే లెక్కపెట్టాలని సదస్సులో అన్నారు. బల్బీర్ సింగ్ అలాగే తిరగరాశాడు. జపాన్‌లో ఫుజిత్సు నుంచి కమెజావా హిరోయుకి చేరి తర్వాత చాలా ఏళ్ళు ఆ భారం మోశాడు. 2008 ఏప్రిల్‌లో 2.6.25 కెర్నల్‌తో మెమరీ కంట్రోలర్ బయటికి వచ్చింది.

రెండో చిక్కు ఇంకా మన ఇళ్ళలోది. రెండు గుంపులు ఒకే పేజీ వాడుకుంటుంటే ఖర్చు ఎవరిది? సగం సగం రాస్తే ఒకరు వచ్చిన ప్రతిసారీ, పోయిన ప్రతిసారీ అందరి పద్దులూ తిరగరాయాలి. అందుకని ముందు ఎవరు ముట్టుకుంటే వాళ్ళ ఖాతాలో మొత్తం అన్నారు. అది న్యాయం కాదని రాసినవాళ్ళకీ తెలుసు. పేజీ ఒకసారి ఆ ఖాతా నుంచి పోయాక, నిజంగా ఎక్కువ వాడే గుంపే దాన్ని మళ్ళీ తెచ్చుకుంటుంది, అప్పుడు దాని ఖాతాలో పడుతుంది అన్నది వాళ్ళ వాదం. వాకిట్లో బోరు వేయించినవాడే కరెంటు బిల్లు కట్టడం, వీధంతా నీళ్ళు పట్టుకోవడం మనకి కొత్త కాదు. లెక్క తేలికగా ఉండాలంటే ఎవరో ఒకరు ముందు భరించాలి.

లెక్కకీ ఖర్చుంది

కెర్నల్‌లో చేరినంత మాత్రాన అందరూ స్వాగతించలేదు. ప్రతి పేజీ పక్కన అది ఎవరిదో రాసుకోవాలి. మన 4 జీబీ యంత్రంలో పేజీలు 10,48,576. ఒక్కోదానికి 8 బైట్ల గుర్తు అంటే ఆ గుర్తులకే 8 ఎంబీ. తొలి రూపంలో ఆ గుర్తు కాక పేజీకి ఒక చిన్న పద్దు చీటీ కూడా ఉండేది. హద్దులు అక్కర్లేనివాడు కూడా ఆ ఖర్చు ఎందుకు భరించాలి? డెబియన్ వంటి పంపిణీలు చాలా ఏళ్ళు దీన్ని కెర్నల్‌లో పెట్టి కూడా మూసే ఉంచాయి. కావలసినవాళ్ళు యంత్రం మొదలయ్యేటప్పుడు అడిగి తెరిపించుకోవాలి.

తర్వాతి ఏళ్ళంతా ఈ ఖర్చు తగ్గించడానికే పోయాయి. ఇందులో యోహానెస్ వైనర్ పాత్ర పెద్దది. అప్పటిదాకా యంత్రానికి ఒక జాబితా, గుంపులకి ఇంకో జాబితా అని రెండు నడిచేవి. 2012లో వాటిని ఒకటి చేశారు. 2015లో వచ్చిన 3.19 కెర్నల్‌లో ఆ విడి చీటీలు తీసేసి ఒక్క గుర్తే ఉంచారు. ఈలోగా 2013లో గ్లాబర్ కోస్టా వంటివారి పనితో, ఒక గుంపు కోసం కెర్నల్ తన లోపల పెట్టే ఖర్చు కూడా ఆ గుంపు ఖాతాలోకి వచ్చింది. అంతకుముందు ఆ కన్నం తెరిచే ఉంది.

అప్పటికి లోకం కూడా దీని కోసం ఎదురుచూస్తోంది. 2013లో డాకర్, 2014లో కుబెర్నెటిస్ వచ్చాయి. రెండూ హద్దుల కోసం సీగ్రూప్‌ల మీదే ఆధారపడ్డాయి. బెంగళూరులోనో హైదరాబాదులోనో ఉన్న మన పిల్లలు అర్ధరాత్రి ఫోన్ మోగి లేచి "ఓఓఎం కిల్డ్" అన్న మాట చూసి తల పట్టుకుంటున్నారంటే, చాలాసార్లు ఏదో ఒక గుంపు తన కార్డు దాటిందని అర్థం. పక్క గుంపులు మాత్రం ఆ రాత్రి నిద్రపోయాయి.

మళ్ళీ కట్టిన ఇల్లు

మొదటి సీగ్రూప్‌లలో ఒక అవకతవక ఉంది. మెమరీకి ఒక కుటుంబ వృక్షం, ప్రాసెసర్‌కి ఇంకోటి, డిస్కుకి మరోటి కట్టుకోవచ్చు. ఒకే మనిషి బియ్యానికి ఒక ఇంట్లో, కిరోసిన్‌కి ఇంకో ఇంట్లో ఉన్నట్టు. తేజున్ హియో ఏళ్ళ తరబడి వాదించి అన్నిటికీ ఒకే వృక్షం ఉండే రెండో రూపం తెచ్చాడు. 2016 మార్చిలో 4.5 కెర్నల్‌తో అది అధికారికం అయింది.

ఇందులో మెమరీకి ఒకటి కాదు, కొన్ని గీతలు ఉన్నాయి. 'మ్యాక్స్' అన్నది గట్టు. దాన్ని దాటబోతే ముందు ఆ గుంపు సొంత సామానే ఖాళీ చేయిస్తారు, అదీ కుదరకపోతే ఆ గుంపులోనే ఒకరిని లేపుతారు. దానికంటే కింద 'హై' అనే గీత. అది దాటినవాడిని చంపరు, నడక నెమ్మది చేస్తారు. 'లో' అనే గీత ఇందుకు తిరగబడింది: ఈ గుంపు ఇంతలోపు వాడుకుంటున్నంత వరకూ, వేరే దారి ఉండగా దీని దగ్గర లాక్కోవద్దని. అంటే కార్డు మీద ఇంతకు మించకూడదు అన్నదే కాక, ఇంత తప్పకుండా మిగల్చాలి అన్నది కూడా రాశారు. 2018లో ఇంకోటి చేరింది. గుంపులో ఒకరిని తీయవలసి వస్తే మొత్తం గుంపుని ఒకేసారి తీసేయమని కోరుకోవచ్చు. ఒకరు పోతే మిగతావాళ్ళు సగం ప్రాణంతో ఉండే పనులకి అదే మేలు. అదే ఏడు చివర్లో, ఒక గుంపు మెమరీ కోసం ఎంతసేపు ఎదురుచూస్తూ కూర్చుందో కొలిచే వసతి కూడా వచ్చింది. యంత్రం బిగుసుకుపోకముందే తెలుసుకోవడానికి.

మన గదిలో ఏం చేశాం?

ఇదంతా చదివాక మేము చేసింది కొంచెమే. కుర్రాడి పనులన్నీ ఒక గుంపులో పెట్టాం. హై 1.5 జీబీ, మ్యాక్స్ 2 జీబీ. ఒకేసారి పది నడపడం మాని ఐదు నడుపుతున్నాడు. అంటే మామూలుగా 1.25 జీబీ. ఏ పేజీ అయినా విపరీతంగా ఉబ్బితే ఆ దెబ్బ వాడి గుంపులోనే పడుతుంది, పోయిన పేజీ మళ్ళీ నడుపుకుంటాడు. యంత్రానికీ మాస్టారికీ ఎప్పుడూ 2 జీబీ మిగులుతుంది. కొత్త యంత్రం కొనలేదు. రూపాయి ఖర్చు కాలేదు. ఇదే అమరిక ముందే చేసి ఉంటే ఆ మూడు గంటలు పోయేవి కావు. ఆ మాట మాస్టారికి మేమే వెళ్ళి చెప్పాం.

చిట్టా కాగితం మీద తీసి పట్టుకెళ్ళాం. ఏ నిమిషానికి ఏది ఎంత వాడుతోందో, ఏది పోయిందో వరసగా ఉంది. ఆయన కళ్ళజోడు పెట్టుకుని పద్దు చూసినట్టే చూశారు. కుర్రాడి పది వరసల మీద వేలు పెట్టి, "ఇవన్నీ ఒకడివే కదా, కలిపి ఎందుకు కూడలేదు?" అన్నారు. మేము ఇంత సేపు చెప్పిన చరిత్ర ఆయన ఒక్క ప్రశ్నలో అడిగేశారు. "ఇప్పుడు కూడుతోంది మాస్టారూ" అన్నాడు కుర్రాడు.

మర్నాడు మూడింటికి వచ్చారు. ఆ పుస్తకంలో ఇంకా సగం పైగా మిగిలి ఉంది, అలాంటివి అలమరలో ఇంకా ఉన్నాయి. ఇప్పుడు కుర్రాడు రోజూ అరగంట ఆయన పక్కన కూర్చుని గొలుసుకట్టు నేర్చుకుంటున్నాడు. 'క'కీ 'శ'కీ తేడా ఇంకా చిక్కడం లేదంటున్నాడు. మీ ఇళ్ళలో ఈ రాత చదవగలిగిన పెద్దలెవరైనా ఉంటే, ఒక్క సాయంత్రానికైనా తీసుకురండి. కంప్యూటర్లో వాళ్ళకీ చోటుంది.